నొప్పి లేని చెవే ఎక్కువ భయపెట్టాలి: నా నవ్వు వంకర ఎందుకైందంటే

ఈ ఎపిసోడ్ మీరు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతా. ఛానల్ పెట్టినప్పటి నుంచి కనీసం ఒక యాభై మంది అడిగుంటారు. "అన్నా, నువ్వు నవ్వితే కుడి పక్కే ఎక్కువ లేస్తది, ఎందుకు?" అని. కొందరు స్టైల్ అనుకున్నారు. ఒకాయన అయితే ఫిల్టర్ పనిచేయట్లేదేమో చూసుకో బ్రో అన్నాడు. స్టైలూ కాదు, ఫిల్టరూ కాదు. దానికి కారణం నా ఎడమ చెవి.

ఇన్నాళ్లూ చెప్పలేదు, ఎందుకంటే చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పాలంటే చెవిలో చీము, వాసన, ఇవన్నీ రావాలి. తింటూ చూస్తున్నవాళ్లు కాసేపు పక్కన పెట్టండి. కానీ చూడండి. ఎందుకంటే మన దగ్గర ప్రతి వీధిలో "మావాడికి చిన్నప్పటి నుంచి చెవి కారుతది, ఏం కాదులే" అనే ఇల్లు ఒకటి ఉంటుంది. మా ఇల్లు కూడా అదే.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి ఐదేళ్లు కోడ్ రాసినోణ్ణి. ఈ వీడియో చూసి మందులు వాడొద్దు. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడండి.

ఆ ఆదివారం పొద్దున

అప్పుడు నేను హఫీజ్‌పేట్‌లో, ఎంఎంటీఎస్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, నా దోస్తుతో కలిసి ఒక రూమ్‌లో ఉండేవాణ్ణి. పొద్దున ట్రైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆఫీసు, కాల్స్, రాత్రి పదికి బిర్యానీ, మళ్లీ పొద్దున కాల్స్. మీకు తెలిసిన జీవితమే.

ఒక ఆదివారం పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి ఎడమ మూల నుంచి జారిపోతున్నాయి. అద్దంలో చూస్తే ఎడమ కన్ను పూర్తిగా మూసుకోవట్లేదు. కనుబొమ్మ పైకి లేపితే ఒకటే లేస్తోంది. మా వాడు చూసి, "ఏందిరా, మొహం అట్ల గుంజుకపోయింది?" అన్నాడు.

మనం ఏం చేస్తాం? ఫోన్ తీస్తాం. నేనూ తీశా. "ముఖం ఒక పక్క పడిపోయింది" అని కొడితే బెల్స్ పాల్సీ అని వచ్చింది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది అని కూడా ఉంది. హమ్మయ్య అనుకున్నా. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లా. అక్కడ కూడా అదే మాట. స్టెరాయిడ్ మాత్రలు రాశారు. చెవిలో ఎవరూ లైటు వేసి చూడలేదు. నేనూ చెవి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెవికీ మొహానికీ సంబంధం ఉంటుందని నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

మంగళవారం స్టాండప్ కాల్‌లో మాట్లాడుతూ తల పక్కకి తిప్పా. గది మొత్తం గిర్రున తిరిగింది. టేబుల్ పట్టుకుని కూలబడ్డా. అప్పుడు మా వాడు ఒక మాట అన్నాడు. ఇప్పటికీ అది తల్చుకుంటే సిగ్గూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

"నీ చెవి కారుతదన్న సంగతి డాక్టర్‌కి చెప్పినవారా?"

"అది ఎప్పుడూ ఉండేదే కదరా."

"ఎప్పుడూ ఉండేది కాదు. ఆరేడు నెలల నుంచి వాసనొస్తుంది. నీకు చెప్పలేక నా మంచం అటు గోడకి జరిపిన."

నేను మంచం ఫ్యాన్ కోసం జరిపాడనుకున్నా.

ఒక్క ప్రశ్న

ఆ సాయంత్రమే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మొహం చూసి, మాత్రల చీటీ చూసి, వెంటనే అడిగిన మొదటి ప్రశ్న: "చెవి కారుతుందా?"

"అవును మేడమ్, చిన్నప్పటి నుంచి."

"నొప్పి?"

"అస్సలు లేదు మేడమ్."

"వాసన?"

నేను మా వాడి వైపు చూశా. వాడు తలూపాడు.

మైక్రోస్కోప్ కింద చెవిని చిన్న గొట్టంతో పీల్చి శుభ్రం చేశారు. తర్వాత చెవి రంధ్రం ముందు ఉండే చిన్న బుడిపెని వేలితో లోపలికి నొక్కారు. నొక్కగానే మళ్లీ గది తిరిగింది. ఆవిడ నా కళ్లు చూస్తున్నారు. కనుగుడ్లు వాటంతట అవే పక్కకి కొట్టుకుంటున్నాయట. "ఇది బెల్స్ పాల్సీ కాదు. ఇవాళే స్కాన్ తీద్దాం, రేపటిదాకా ఆగొద్దు" అన్నారు.

ఇక్కడ ఆగి, అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తా. ఇది అర్థమైతే మిగతా అంతా దానంతట అదే అర్థమవుతుంది.

చాలా చిన్న గది, చాలా ఖరీదైన పొరుగువాళ్లు

చెవి రంధ్రం చివర కర్ణభేరి ఉంటుంది. సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున్న పల్చటి పొర. దాని వెనక ఉన్న గాలి గదే మధ్య చెవి. ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుందేమో, లోతు కొన్ని మిల్లీమీటర్లే. అందులో మూడు చిట్టి ఎముకలు శబ్దాన్ని కర్ణభేరి నుంచి లోపలి చెవికి చేరవేస్తాయి. ముక్కు వెనక నుంచి ఈ గదిలోకి ఒక గొట్టం గాలి పంపుతుంది. జలుబు చేసినప్పుడు చెవి దిబ్బడ పడుతుంది కదా, ఆ గొట్టం మూసుకోవడం వల్లే.

ఇప్పుడు ఈ గదికి ఎవరెవరు పొరుగో చూడండి. పైకప్పు మీద మెదడు. మధ్యలో పల్చటి ఎముక పలక ఒక్కటే అడ్డం. వెనక గోడ దాటితే మాస్టాయిడ్ ఎముక, అంటే చెవి వెనక చేతికి గట్టిగా తగిలే గుబ్బ. బయటికి గట్టిగా ఉన్నా లోపల తేనెపట్టులా గాలి గదులే. ఆ గదుల వెనక మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిర. లోపలి గోడ అవతల వినికిడి, బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి. ఇక ముఖాన్ని కదిలించే నరం అయితే ఈ గది గోడలోనే సన్నటి ఎముక గొట్టంలోంచి వెళ్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ గొట్టం అక్కడక్కడ తెరుచుకుని ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే, గోడలు పల్చగా ఉన్న అపార్ట్‌మెంట్ అది. ఒక ఫ్లాట్‌లో నీళ్లు లీకైతే ముందు తడిసేది మీ ఇల్లు కాదు, పక్కవాళ్ల గోడ.

చీము రెండు రకాలు

చెవి కారడం అంతా ఒకటే అనుకుంటాం. కాదు.

మొదటిది, జలుబు తర్వాత హఠాత్తుగా వచ్చే చెవిపోటు. పిల్లల్లో ఎక్కువ, ఎందుకంటే వాళ్లలో ఆ గొట్టం పొట్టిగా, ఏటవాలు లేకుండా ఉంటుంది. గదిలో చీము నిండుతుంది, భరించలేని నొప్పి, జ్వరం. ఒక్కోసారి కర్ణభేరికి చిన్న కన్నం పడి చీము బయటికి వస్తుంది, నొప్పి తగ్గిపోతుంది. ఎక్కువ మందికి ఇది పూర్తిగా మానిపోతుంది.

రెండోది, మానకుండా నెలలు, ఏళ్ల తరబడి కారేది. ఇందులో మళ్లీ రెండు దారులు. ఒకటి కర్ణభేరి మధ్యలో కన్నం ఉండి, జలుబు చేసినప్పుడు, నీళ్లు పోయినప్పుడు తీగలా జిగురుగా కారేది. ఇది వినికిడిని తగ్గిస్తుంది కానీ సాధారణంగా పక్క గోడల జోలికి పోదు. అలాగని వదిలేయొద్దు.

ఇంకోదాని పేరు కొలెస్టియటోమా. పేరు చూసి క్యాన్సరో కొలెస్ట్రాలో అనుకోకండి, రెండూ కాదు. కర్ణభేరి పై భాగం లోపలికి పీక్కుపోయి సంచిలా తయారవుతుంది. ఆ సంచి లోపలి గోడ చర్మమే. చర్మం చేసే పని తెలుసు కదా, రోజూ పొట్టు రాలుస్తుంది. చేతి మీద అయితే రాలిపోతుంది. సంచిలో అయితే ఎక్కడికి పోతుంది? పేరుకుంటుంది, కుళ్లుతుంది, సంచి పెరుగుతుంది. పెరిగే కొద్దీ చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. కొంచెమే కారుతుంది, కానీ కంపు కొడుతుంది. నొప్పి ఉండదు.

నాకున్నది ఇదే. ఎముక కరుగుతుంటే నొప్పి ఎందుకు రాలేదని డాక్టర్‌ని అడిగా. చీముకి బయటికి దారి ఉంది కాబట్టి ఒత్తిడి లేదు, ఒత్తిడి లేదు కాబట్టి నొప్పి లేదు అన్నారు. అంటే నేను ఏళ్ల తరబడి "నొప్పి లేదు కదా" అని ధైర్యంగా ఉన్నది తప్పు సిగ్నల్ చూసి. ప్రొడక్షన్‌లో ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉందని సంతోషపడి, తీరా చూస్తే లాగింగే ఆఫ్‌లో ఉంది అన్నట్టు.

ఇన్నాళ్లుగా కారే చెవిలో కొత్తగా నొప్పి, తలనొప్పి మొదలైతే దాన్ని ఇంకా సీరియస్‌గా తీసుకోవాలని కూడా అప్పుడే తెలిసింది. చీము దారి మూసుకుందనో, గోడ దాటిందనో అర్థం.

గోడ దాటితే ఏమవుతుంది

ఒక్కో గోడ గురించి చెప్తా.

చెవి వెనక గుబ్బలోకి చీము వెళ్తే మాస్టాయిడైటిస్. చెవి వెనక ఎర్రగా వాచి, ముట్టుకుంటే నొప్పి, చెవి ముందుకీ కిందికీ తోసుకొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లాడిని వెనక నుంచి చూస్తే ఒక చెవి బయటికి నిక్కి ఉంటుంది. ఇది కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇందులో ఒక మాయ ఉంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపేస్తే జ్వరం, వాపు తగ్గినట్టే ఉంటుంది. లోపల ఎముకలో మాత్రం నడుస్తూనే ఉండొచ్చు. డాక్టర్లు దీన్ని ముసుగు వేసుకున్న మాస్టాయిడైటిస్ అంటారు.

ముఖ నరం దగ్గర ఎముక తింటే నాలాగ మొహం ఒక పక్క పడిపోతుంది. లోపలి చెవి గోడకి కన్నం పడితే తల తిరగడం, వాంతులు, ఆ చెవి పూర్తిగా వినపడకుండా పోవడం కూడా జరగొచ్చు. బుడిపె నొక్కితే నాకు కళ్లు తిరిగింది అందుకే. గాలి ఒత్తిడి ఆ కన్నంలోంచి నేరుగా బ్యాలెన్స్ గొట్టాన్ని కదిలించింది.

వెనక సిరలో రక్తం గడ్డకడితే జ్వరం చలితో వణికిస్తూ ఎక్కుతుంది, చెమట పట్టి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. మలేరియా అనుకునే ప్రమాదం ఉంది. చార్టులో గీస్తే కంచె కర్రల్లా కనిపిస్తుందట.

పైకప్పు దాటితే రెండు. మెదడు పొరలకి పాకితే మెనింజైటిస్: తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ వంచలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం. మెదడు లోపలే చీముగడ్డ కడితే బ్రెయిన్ యాబ్సెస్. ఇది అన్నిటికంటే మోసం చేసేది. మొదట కొన్ని రోజులు జ్వరం, తలనొప్పి ఉంటాయి. తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, మనిషి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ టైమ్‌లో గడ్డ చుట్టూ గోడ కట్టుకుంటుంది. తర్వాత ఒక్కసారిగా వాంతులు, మత్తు, మాట తడబడటం, ఫిట్స్.

ఇవన్నీ అందరికీ వస్తాయని కాదు. చెవి కారేవాళ్లలో ఎక్కువ మందికి ఇంత దూరం రాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం చెవులు కారే వ్యాధి ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మందికి ఉంది. ఏటా 28 వేల మంది దీని వల్ల చనిపోతున్నారని అందులో అంచనా వేశారు. ఈ వ్యాధి జనాభాలో 4 శాతం దాటిన దేశాల జాబితాలో మన దేశం కూడా ఉంది.

ఎలా కనిపెడతారు

సినిమాల్లో లాగా అన్నీ స్కాన్‌తోనే తేలవు. మొదటిది చెవి శుభ్రం చేసి చూడటం. చీము అడ్డం ఉంటే ఎంత గొప్ప డాక్టరైనా కర్ణభేరి చూడలేరు. అందుకే "చూశారు, చుక్కలు రాశారు" అంటే సరిపోదు. శుభ్రం చేసి చూశారా అని అడగండి.

తర్వాత ట్యూనింగ్ ఫోర్క్. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో రెసొనెన్స్ కాలమ్‌కి వాడామే, అలాంటిదే. దాన్ని మోగించి నుదుటి మధ్యలో పెట్టారు. "ఎటు వినిపిస్తోంది?" అంటే ఎడమ పక్కే ఎక్కువ అన్నా. పాడైన చెవిలో ఎక్కువ వినిపించడం ఏంటని నాకు అర్థం కాలేదు. ఆవిడ మాత్రం కొంచెం రిలాక్స్ అయ్యారు. శబ్దం తెచ్చే దారి పాడైంది కానీ లోపలి చెవి ఇంకా బతికే ఉందని దాని అర్థమట. తర్వాత ఆడియోగ్రామ్ తీసి అది ఎంతో అంకెల్లో చూస్తారు.

ఎముక ఎంత తిన్నదో తెలియాలంటే చెవి ఎముకకి ప్రత్యేకంగా తీసే సన్నటి ముక్కల సీటీ స్కాన్. నా స్కాన్ నేను చూశా. కుడి చెవి వెనక నల్లటి తేనెపట్టు, అంటే గాలి. ఎడమ పక్క మొత్తం బూడిద రంగు. ముఖ నరం గొట్టం దగ్గర తెల్లటి గీత ఒకచోట తెగిపోయి ఉంది. పైకప్పు గీత కూడా ఒకచోట పల్చబడి, ఉందా లేదా అన్నట్టుంది. దాని పైన మెదడు.

మెదడు దాకా వెళ్లిందేమో అనే అనుమానం ఉంటే రంగు మందు ఎక్కించి సీటీ గానీ ఎమ్మారై గానీ తీస్తారు. సిరలో గడ్డ ఉందేమో చూడటానికి సిరల కోసమే తీసే ఎమ్మారై వేరే ఉంది. మెనింజైటిస్ అనుమానం ఉంటే వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు. కానీ మెదడులో ఒత్తిడి ఉండొచ్చనే లక్షణాలు కనిపిస్తే ముందు స్కాన్ చూసి, ఆ తర్వాతే.

ఎలా నయం చేస్తారు

చెవిలో మందు చుక్కలతో తగ్గే దశ ఒకటి ఉంటుంది. కర్ణభేరికి కన్నం ఉన్న మామూలు కారుడుకి చెవి పొడిగా ఉంచడం, యాంటీబయాటిక్ చుక్కలు, తర్వాత అవసరమైతే కన్నం మూసే ఆపరేషన్. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంట్లో మిగిలిన పాత చుక్కల సీసా వాడొద్దు. కన్నం ఉన్న చెవిలో కొన్ని రకాల మందులు లోపలి చెవిని దెబ్బతీయగలవు.

చెవి వెనక వాపు, అంటే మాస్టాయిడైటిస్ అయితే అడ్మిట్ చేసి నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి చీము తీయొచ్చు. చీముగడ్డ కట్టినా, రెండు రోజుల్లో తగ్గకపోయినా ఎముక తొలిచి శుభ్రం చేస్తారు. అదే మాస్టాయిడెక్టమీ.

మెదడులో గడ్డ ఉంటే ప్రాణం ముందు, చెవి తర్వాత. న్యూరోసర్జన్ చీము తీస్తారు. యాంటీబయాటిక్స్ వారాల తరబడి నడుస్తాయి. చెవిలో ఉన్న మూలాన్ని అదే సమయంలోనో, మనిషి కుదుటపడ్డాకో తీసేస్తారు. మూలం తీయకుండా వదిలేస్తే మళ్లీ వస్తుంది.

కొలెస్టియటోమాకి మాత్రం మందు లేదు. ఆపరేషన్ ఒక్కటే. నాకు ముందు నరం ద్వారా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, మర్నాడే ఆపరేషన్ అన్నారు. ఒప్పుకోలు పత్రం చదువుతుంటే చేతులు వణికాయి. వినికిడి పోవచ్చు, ముఖ నరం దెబ్బతినొచ్చు, మెదడు నీరు కారొచ్చు అని ఒక్కొక్కటి రాసుంది. "నా మొహం మళ్లీ మామూలు అవుతుందా మేడమ్?" అని అడిగా. "నరం మీద ఒత్తిడి తీసేస్తా. అది ఎంత కోలుకుంటుందో ఇవాళ మాట ఇవ్వలేను" అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆవిడంటే ఇప్పటికీ గౌరవం.

మొహం కోలుకునేదాకా ఎడమ కన్ను మూసుకోదు కాబట్టి పగలు చుక్కలు, రాత్రి టేపు. అది నిర్లక్ష్యం చేస్తే కన్ను ఎండి పుండవుతుంది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి వెళ్లి చెవి శుభ్రం చేయించుకుంటా. సంచిలో కణం మిగిలినా మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి చూపించుకోవాల్సిందే. స్విమ్మింగ్ బంద్. తలస్నానానికి చెవిలో వ్యాజలైన్ రాసిన దూది.

ఒక పాత కథ, ఒక మన కథ

ఈ జబ్బు గురించి చదువుతుంటే ఒకటి దొరికింది. ఆస్కార్ వైల్డ్ తెలుసు కదా, ఐరిష్ రచయిత. 1900 నవంబర్ 30న పారిస్‌లో చనిపోయాడు. చెవి వ్యాధి మెదడు పొరలకి పాకి, మెనింజైటిస్ వచ్చి. చనిపోవడానికి కొన్ని వారాల ముందే చెవికి ఆపరేషన్ కూడా చేశారు. విచిత్రం ఏంటంటే వాళ్ల నాన్న విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరున్న చెవి సర్జన్. చెవి జబ్బుల మీద 1853లో పుస్తకం రాశాడు. చెవి వెనక చీము తీయడానికి పెట్టే కోతకి ఆయన పేరే ఉంది. అంతటివాడి కొడుకు ఆ జబ్బుతోనే పోయాడు. ఎందుకంటే అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు.

తర్వాత వచ్చాయి. అందులో మన మనిషి ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, 1948లో, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికొచ్చింది. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. ఇలాంటి మందుల వల్లే చెవి వెనక మానిన గాటుతో తిరిగే పిల్లలు మన తరానికి అరుదైపోయారు. భయం తగ్గింది, మంచిదే. కానీ భయంతోపాటు జాగ్రత్త కూడా పోయింది. కొలెస్టియటోమాని యాంటీబయాటిక్ కరిగించలేదన్న సంగతి మనకెవరూ చెప్పలేదు.

ఎక్కడికి వెళ్లాలి

"అన్నా, నీకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, మాకు?" అంటారని తెలుసు. హైదరాబాద్‌లో చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, కోఠిలో. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధం. మన హఫీజ్‌పేట్, మియాపూర్ వాళ్లయితే మియాపూర్‌లో మెట్రో ఎక్కండి. మారకుండా అదే రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు. మత్తు, ఫిట్స్, మెడ పట్టేయడం ఉంటే మాత్రం ఓపీ లైన్‌లో నిలబడొద్దు. న్యూరోసర్జరీ ఉన్న పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి, 108కి ఫోన్ చేసి వెళ్లండి. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. మీ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి.

చిన్నపిల్లలున్న ఇళ్లకి మూడు మాటలు. వెల్లకిలా పడుకోబెట్టి పాలసీసా పట్టొద్దు. ఇంట్లో సిగరెట్ పొగ వద్దు. న్యుమోకాకల్ టీకా వేయించండి. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల పట్టికలో ఉంది, ఉచితం.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

చెవి రెండు వారాలు దాటి కారినా, వాసన వచ్చినా, నొప్పి లేకపోయినా సరే, చెవి డాక్టర్‌కి చూపించాలి.

చెవి కారే మనిషికి ఈ కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి: చెవి వెనక వాపు, మొహం ఒక పక్కకి లాగడం, గది తిరిగినట్టు తల తిరగడం, చలితో ఎక్కి దిగే జ్వరం, తగ్గని తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మత్తు, ఒకటి రెండుగా కనిపించడం, హఠాత్తుగా వినపడకపోవడం.

వెల్లుల్లి నూనె, తల్లిపాలు, పెరాక్సైడ్, పిన్నీసు, ఇయర్ బడ్, ఇవేవీ కారే చెవిలోకి వెళ్లకూడదు.

ఏ జబ్బుకి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, మొహం పడిపోయిందన్నా, తల తిరుగుతోందన్నా, తలనొప్పన్నా, "నాకు చెవి కారుతుంది" అని మీరే ముందు చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

చివరిగా

ఆపరేషన్ అయ్యాక మా అమ్మ జనగామ పక్కన మా ఊరి నుంచి వచ్చింది. తలకి కట్టు చూసి ఏడ్చింది. "చిన్నప్పుడు నేనే నూనె పోసిన కదా బిడ్డా, నా వల్లనే అయింది" అంది. నూనె మంచిది కాదు నిజమే. కానీ ఈ సంచి నూనె వల్ల రాలేదు. డాక్టర్ చేతే ఆ మాట చెప్పించా. అయినా అమ్మకి నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది.

మొహానికి ఫిజియోథెరపీ చెప్పారు. అద్దం ముందు కూర్చుని ఆ, ఈ, ఊ, ప, బ, మ అని రోజూ అనాలి. మా రూమ్‌లో అద్దం బాత్రూమ్‌లో ఉంటుంది. అందుకని ఫోన్ సెల్ఫీ కెమెరా పెట్టుకుని చేసేవాణ్ణి. ప, బ, మ బోర్ కొట్టి, చదివిన విషయాలు ఏవో ఒకటి చెప్పడం మొదలుపెట్టా. నిన్నటికీ ఇవాళ్టికీ మొహంలో తేడా చూసుకోవడానికి రికార్డ్ చేసేవాణ్ణి. నెలన్నర సెలవులో అలాంటివి ముప్పై అయ్యాయి. మా వాడు ఒకటి చూసి, "నువ్వు మంచిగనే చెప్తున్నవ్‌రా, అప్‌లోడ్ చెయ్" అన్నాడు. ఈ ఛానల్ అలా మొదలైంది.

మొహం చాలావరకు వచ్చింది. నవ్వితే ఆ కొంచెం తేడా మిగిలింది. ఎడమ చెవి సగమే వినిపిస్తుంది, అందుకే నా పక్కన కూర్చునేవాళ్లని కుడి పక్కకి రమ్మంటా. మా వాడు మాత్రం మంచాన్ని మళ్లీ పాత చోటుకే జరిపాడు. ఈసారి నిజంగా ఫ్యాన్ కోసమేనట.

ఈ ఎపిసోడ్ నాకు లైక్ కొట్టకపోయినా పర్లేదు. మీ ఇంట్లో, మీ హాస్టల్లో, మీ పీజీలో చెవిలో దూది పెట్టుకుని తిరిగే మనిషి ఒకరుంటారు. వాళ్లకి పంపండి. వాసన వస్తోందని చెప్పడానికి మొహమాటపడకండి. మా వాడు ఆరు నెలల ముందే చెప్పుంటే ఎంత బాగుండేదని వాడే ఇప్పటికీ బాధపడతాడు. మీ మీద మీ దోస్తు రెండు రోజులు అలుగుతాడేమో, అలగనివ్వండి.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.